ఎల్లాప్రగడ సుబ్బారావు: ఒక మందు, ఒక బూజు

సివిల్ బ్రాంచ్ వాళ్ళకి ట్రిక్లింగ్ ఫిల్టర్ గురించి వేరే చెప్పక్కర్లేదు. మిగతా బ్రాంచీల వాళ్ళ కోసం రెండు ముక్కలు. పెద్ద గుండ్రటి తొట్టిలో కంకర రాళ్ళు పరిచి, పైనుంచి మురుగునీటిని చిలకరిస్తారు. కొన్నాళ్ళకి రాళ్ళ మీద జారుడుగా ఒక పొర కడుతుంది. ఆ పొరలో బాక్టీరియా, బూజులు కాపురం పెట్టి మురుగుని తిని నీటిని శుభ్రం చేస్తాయి. 1953లో హెసెల్టైన్ అనే శిలీంధ్ర శాస్త్రవేత్త ఇలాంటి ఫిల్టర్ల బూజుల్ని పరిశీలిస్తూ, అంతవరకు ఎవరూ వర్ణించని ఒక కొత్త జాతిని కనిపెట్టాడు. దానికి పెట్టిన పేరు సుబ్బరోమైసిస్ స్ప్లెండెన్స్. ఆ పేరులోని సుబ్బారావు మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారే.

విమానాశ్రయానికో, విశ్వవిద్యాలయానికో పేరు పెడితే గౌరవం గానీ మురుగులో బతికే బూజుకి పెట్టడం ఏం గౌరవం అని మీకు అనిపించవచ్చు. కానీ ఆయన జీవితం, ఆయన మందుల తర్వాతి కథ కలిపి చదివితే ఇంతకంటే సరిపోయే గుర్తు దొరకదనిపిస్తుంది. ఎందుకంటే ఆయన ప్రయోగశాల నుంచి వచ్చిన మందులు కోట్లమందిని బతికించాయి. అదే సమయంలో, మనుషుల ఊపిరితిత్తుల్లోకి బూజులు చొరబడే కొత్త దారి ఒకటి తెరిచాయి. ఆ దారిని మూయడానికి దొరికిన తలుపుల్లో ఒకటి మళ్ళీ ఆయన పనిచేసిన చోటే దొరికింది.

ముందు మనిషి గురించి చెప్పుకుందాం.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి, తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు పిల్లల్లో ఈయన ఒకరు. ఇంట్లో డబ్బుకి ఎప్పుడూ ఇబ్బందే. మన ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర పవిత్ర సంగమంలో కృష్ణలో కలుస్తున్న గోదావరి నీళ్ళని చూస్తాం కదా, ఆ గోదావరి ఒడ్డునే, రాజమండ్రిలో, ఆయన చదువు సాగింది. సాగింది అనడం కూడా మర్యాదకే. పదమూడేళ్ళ వయసులో ఇల్లు వదిలి కాశీకి పారిపోబోయారు. సన్యాసం కోసం కాదు, యాత్రికులకి అరటిపళ్ళు అమ్మి బాగా సంపాదించాలని! మధ్యలోనే పట్టుకొచ్చి మళ్ళీ బళ్ళో పడేశారు. మెట్రిక్యులేషన్ మూడోసారి గానీ గట్టెక్కలేదు. బ్యాక్‌లాగ్స్ ఉన్న మిత్రులు ఈ వాక్యం దగ్గర ఒక నిమిషం ఆగవచ్చు.

తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీ. అక్కడ రామకృష్ణ మఠం వైపు మనసు లాగి సన్యాసం తీసుకుందామనుకున్నారు. తల్లి ససేమిరా ఒప్పుకోలేదు. సరే, సన్యాసం కాకపోతే వైద్యం అని మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. స్నేహితులు, కాబోయే మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు డబ్బు సర్దారు. అవి గాంధీగారి పిలుపుకి కుర్రాళ్ళు కదిలిపోతున్న రోజులు. సుబ్బారావు ఆపరేషన్ థియేటర్‌లోకి కూడా ఖద్దరు గౌను వేసుకుని వెళ్ళారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్ దొరకి అది నచ్చలేదు. ఫలితం మార్కుల్లో కనపడింది. రాత పరీక్షలు బాగా రాసినా చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికంటే తక్కువైన ఎల్ఎంఎస్. ఒక్క గౌను కోసం పూర్తి డిగ్రీ పోయిందన్నమాట. ఆ డిగ్రీ లేక మద్రాసు వైద్య సర్వీసులో ఉద్యోగమూ రాలేదు. చివరికి డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో అనాటమీ పాఠాలు చెప్పుకుంటూ ఉండిపోయారు.

ఈ మధ్యలోనే ఆయన జీవితాన్ని మలుపు తిప్పిన దెబ్బ తగిలింది. అన్న పురుషోత్తం స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. కొద్ది రోజుల తేడాతో ఇంకో సోదరుడూ పోయాడు. స్ప్రూ అంటే పేగు తిన్న తిండిని పీల్చుకోలేకపోవడం. ఆగని విరేచనాలు, నోరంతా పూత, రక్తం పలచబడి పాలిపోవడం, చిక్కి శల్యమై పోవడం. సుబ్బారావు గారికీ ఆ జబ్బు వచ్చింది. లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బయటపడ్డారు. ఒంట్లో ఏదో ఒక పదార్థం లోపించడం వల్లే ఇదంతా జరుగుతోందని, ఆ పదార్థం ఏమిటో అప్పటికి ఎవరికీ తెలియదని గుర్తుపెట్టుకోండి. దాని పేరు తర్వాత వస్తుంది.

1920ల మొదట్లో ఆయన బోస్టన్ ఓడ దిగారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయం చేస్తానంది, మామగారు కొంత పోగుచేశారు. భార్య శేషగిరి గారు గర్భిణి. రెండు మూడేళ్ళలో తిరిగొస్తానన్న మాట మీద బయలుదేరారు. పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు, తండ్రి ఆ బిడ్డను చూడనేలేదు. భార్యను కూడా మళ్ళీ చూడలేదు. ఆయన గొప్పతనం గురించి రాసేవాళ్ళు ఈ రెండు వాక్యాల్ని గబగబా దాటేస్తారు. దాటాల్సిన వాక్యాలు కావవి. ఆ ఇంట్లో ఆవిడ పాతికేళ్ళు ఎదురుచూశారు.

హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా చదువుతూ, పొట్టకూటికి పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టర్ పని చేశారు. అంటే రోగుల మలమూత్రాల పాత్రలు కడగడం దగ్గర్నుంచి అన్నీ. తర్వాత సైరస్ ఫిస్క్ అనే ప్రొఫెసర్ దగ్గర బయోకెమిస్ట్రీలో చేరారు. 1925లో వాళ్ళిద్దరూ రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో రంగును బట్టి కొలిచే పద్ధతి ప్రకటించారు. ఫిస్క్–సుబ్బారావు పద్ధతిగా అది ఇప్పటికీ పుస్తకాల్లో ఉంది. 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ. అదే సమయంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనిపెట్టాడు. ఇంటర్ బయాలజీలో శక్తి నాణెం అని మనవాళ్ళు బట్టీ పట్టే ఏటీపీ ఇదే. ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకి స్థిరమైన ఉద్యోగం దక్కలేదు. 1940లో ఆ చోటు వదిలి, న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ ఊళ్ళోని లెడర్లీ మందుల కంపెనీకి వెళ్ళిపోయారు. అక్కడ పరిశోధన విభాగానికే అధిపతి అయ్యారు.

మన అసలు కథ ఇక్కణ్ణుంచి మొదలవుతుంది.

స్ప్రూలో, కొన్ని రకాల రక్తహీనతలో లోపించే ఆ పదార్థం ఆకుకూరల్లో, కాలేయంలో ఉంటుందని అప్పటికి తెలిసింది. లూసీ విల్స్ అనే వైద్యురాలు బొంబాయిలో గర్భిణుల రక్తహీనతకి ఈస్ట్ సారంతో గుణం కనపడిందని ఎప్పుడో గమనించింది. ఆకు అన్న లాటిన్ మాట నుంచి దానికి ఫోలిక్ యాసిడ్ అని పేరు పడింది. ప్రకృతిలో అది పిసరంత మోతాదులోనే దొరుకుతుంది. వైద్యానికి సరిపడా కావాలంటే ఫ్యాక్టరీలో తయారు చేయాలి. సుబ్బారావు గారి బృందం 1945లో దాన్ని కృత్రిమంగా తయారు చేసింది. స్ప్రూ రోగులకి ఇచ్చి చూస్తే లేచి తిరిగారు. అన్నను తీసుకుపోయిన జబ్బుకి మందు దొరికింది, పాతికేళ్ళు ఆలస్యంగా.

బోస్టన్‌లో పిల్లల ఆసుపత్రి డాక్టరు సిడ్నీ ఫార్బర్‌కి ఈ సంగతి తెలుసు. రక్త కాన్సర్ వచ్చిన పిల్లల్ని చూస్తూ ఏమీ చేయలేక కూర్చున్న రోజులవి. లెడర్లీ పంపిన ఫోలిక్ యాసిడ్ సంబంధిత పదార్థాల్ని కొందరు రోగులకి ఇచ్చి చూశాడు. కాన్సర్ తగ్గడం అటుంచి ఇంకా జోరందుకున్నట్టు కనిపించింది. మరొకరైతే అక్కడితో వదిలేసేవారు. ఫార్బర్ తిరగేసి ఆలోచించాడు. ఫోలిక్ యాసిడ్ ఎరువులా పనిచేస్తుంటే, దాన్ని అడ్డుకునేది కలుపుమందులా పనిచేయాలి కదా! సుబ్బారావు గారి దగ్గర అలాంటి విరోధి అణువులు అప్పటికే తయారవుతున్నాయి. డోరిస్ సీగర్, ఆమె సహచరులు చేసిన అమినోప్టెరిన్ వాటిలో ఒకటి. 1947 డిసెంబరు చివర్లో బోస్టన్‌లో ఒక పసివాడికి మొదటిసారి ఎక్కించారు. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు అచ్చయ్యాయి. పదహారు మంది పిల్లల్లో పదిమందికి గుణం కనపడింది. శాశ్వతంగా కాదు, కొన్ని వారాలు, నెలలు. అయినా రక్త కాన్సర్ వెనక్కి తగ్గడం ప్రపంచం అప్పటిదాకా పెద్దగా చూడలేదు. దీని తమ్ముడే మెథోట్రెక్సేట్. అదీ లెడర్లీ నుంచే వచ్చింది, ఇప్పటికీ వాడుకలో ఉంది.

ఇక ఈ మందు పనిచేసే తీరు. కణం రెండుగా చీలాలంటే ముందు డీఎన్ఏని ఇంకో కాపీ తీసుకోవాలి. ఆ పనికి ఫోలేట్ కావాలి. వాడిన ఫోలేట్‌ని మళ్ళీ పనికొచ్చేలా చేసే ఒక ఎంజైమ్ ఉంది. అసలు తాళంచెవిలాగే కనిపించే నకిలీ తాళంచెవిని ఆ ఎంజైమ్‌లో ఇరికించేస్తే యంత్రం ఆగిపోతుంది. మెథోట్రెక్సేట్ చేసేది అదే. కాన్సర్ కణాలు జోరుగా చీలుతుంటాయి కాబట్టి వాటికి దెబ్బ గట్టిగా తగులుతుంది.

కానీ ఒంట్లో జోరుగా చీలేవి కాన్సర్ కణాలొక్కటే కాదు. ఎముక మూలుగలో రోజూ కోటానుకోట్ల తెల్ల రక్తకణాలు తయారవుతూ ఉండాలి. న్యూట్రోఫిల్స్ అనే సైనికులు కొద్ది గంటల నుంచి కొద్ది రోజులే బతుకుతాయి, కొత్తవి వస్తూ ఉంటేనే కాపలా నడుస్తుంది. నకిలీ తాళంచెవి ఆ ఫ్యాక్టరీని కూడా ఆపేస్తుంది. తర్వాత వచ్చిన చాలా కీమో మందులదీ ఇదే తంతు, దారి మాత్రం వేరు. మైక్రోలీటరు రక్తంలో మామూలుగా వేలల్లో ఉండే న్యూట్రోఫిల్స్ 500 కంటే కిందకి పడి పదిరోజులకి పైగా అలాగే ఉంటే, డాక్టర్లు ఎదురుచూసే శత్రువుల్లో ఆస్పర్జిల్లస్ ముందు వరుసలో ఉంటుంది.

ఆస్పర్జిల్లస్ ఎక్కడో అడవిలో ఉండే వింత జీవి కాదు. తడిసిన గడ్డివాములో, ముక్కిన ధాన్యంలో, కుళ్ళిన ఆకుల కుప్పలో, ఎరువు దిబ్బలో హాయిగా పెరుగుతుంది. మన దగ్గర దుమ్ము అనగానే అందరి చూపూ థర్మల్ స్టేషన్ చిమ్నీల వైపు వెళుతుంది. బూడిద సంగతి వేరు, అందులో బూజుకి తిండి లేదు. ఈ బూజుకి కావలసిన విందు డెల్టా పొలాల్లో, కల్లాల్లో ఉంది. దాని విత్తనాలు, అంటే స్పోర్లు, రెండు మూడు మైక్రాన్లే ఉంటాయి. ముక్కు జల్లెడ దాటి ఊపిరితిత్తుల చివరి గాలిగదుల దాకా నేరుగా వెళ్ళిపోయే సైజు. ఈ వ్యాసం చదువుతూ మీరు కూడా కొన్ని పీల్చే ఉంటారు. మనకేం కాదు. గాలిగదుల్లో మాక్రోఫేజ్‌లు వాటిని మింగేస్తాయి, తప్పించుకుని మొలకెత్తినవాటిని న్యూట్రోఫిల్స్ చుట్టుముట్టి చంపేస్తాయి. మనకి తెలియకుండానే రోజూ జరిగే యుద్ధం ఇది.

సైనికులు లేనప్పుడు అదే స్పోరు మొలకెత్తి దారాలు సాగిస్తుంది. ఆ దారాలు రక్తనాళాల గోడల్ని తొలుచుకుని లోపలికి పోతాయి. నాళం మూసుకుపోయి అక్కడి కండ చచ్చిపోతుంది. పైకి కనిపించేది మందులకి లొంగని జ్వరం, పొడిదగ్గు, ఊపిరి తీస్తే నొప్పి, ఒక్కోసారి దగ్గులో రక్తం. అసలు చిక్కేమిటంటే, చీము పట్టించేవీ, వాపు తెప్పించేవీ ఆ తెల్లకణాలే. అవి లేకపోతే లక్షణాలు కూడా మొహమాటంగానే కనపడతాయి. మామూలు ఎక్స్‌రేలో మొదట్లో ఏమీ తెలియకపోవచ్చు. సీటీ స్కాన్‌లో గడ్డ చుట్టూ మబ్బులాంటి వలయం కనిపిస్తే అనుమానం బలపడుతుంది. అందుకే కీమోలో ఉన్నవాళ్ళకి జ్వరం ఒక్కటే వచ్చినా దాన్ని ఎమర్జెన్సీగా చూస్తారు. పారాసిటమాల్ వేసుకుని రేపు చూద్దాం అనుకోవడానికి వీల్లేని జ్వరమది.

మెకానికల్ వాళ్ళకి ఇక్కడ పనుంది. ఆసుపత్రిలో పాత గోడలు కూల్చినా, కొత్త బ్లాకు కట్టినా దుమ్ముతోపాటు ఈ స్పోర్లు లేస్తాయి. కట్టడం పనుల పక్కనే ఉన్న వార్డుల్లో ఆస్పర్జిల్లస్ విరుచుకుపడ్డ సంఘటనలు చాలా దేశాల్లో నమోదయ్యాయి. ఎముక మూలుగ మార్పిడి గదుల్లో అందుకే 0.3 మైక్రాన్ల కణాల్ని కూడా 99.97 శాతం ఆపే హెపా ఫిల్టర్లు పెడతారు. గదిలో గాలి గంటకి కనీసం పన్నెండుసార్లు మారాలి. లోపలి పీడనం బయట వరండా కంటే కొంచెం ఎక్కువ ఉండాలి, తలుపు తీసినా గాలి బయటికే పోవాలి గానీ లోపలికి రాకూడదు. హెచ్‌వీఏసీ సబ్జెక్టు బోర్ అనుకునేవాళ్ళు ఇంకోసారి ఆలోచించండి.

సుబ్బారావు గారి ప్రయోగశాల నుంచి అదే రోజుల్లో ఇంకో మందు వచ్చింది. బెంజమిన్ డగ్గర్ అనే శిలీంధ్ర శాస్త్రవేత్త డెబ్బయ్యేళ్ళు దాటాక, విశ్వవిద్యాలయం నుంచి రిటైరయ్యాక లెడర్లీలో చేరాడు. ఎక్కడెక్కడి మట్టినో తెప్పించి అందులోని సూక్ష్మజీవుల్ని పెంచి చూసేవాడు. మిస్సోరీ విశ్వవిద్యాలయం పొలంలోని మట్టి నుంచి బంగారు రంగు జీవి ఒకటి దొరికింది. దాని నుంచి వచ్చిందే ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొట్టమొదటిది. 1948లో లోకానికి వెల్లడించారు. ఈ ప్రకటన సందడిలో కూడా సుబ్బారావు గారు వెనకే ఉండిపోయారు. ప్రచారమంటే ఆయనకి గిట్టదు, పేరు సహచరులకి వదిలేయడం ఆయన అలవాటు. బోదకాలుకి మన ఊళ్ళల్లో ఇంటింటికీ తిరిగి మింగించే డీఈసీ మాత్ర కూడా ఆ ల్యాబ్ సరుకేనని ఎంతమందికి తెలుసు?

ఆరియోమైసిన్ రకరకాల బాక్టీరియాని ఊడ్చేసింది. నోట్లో, పేగుల్లో బూజుల్ని అదుపులో పెట్టే మంచి బాక్టీరియా కూడా ఊడ్చుకుపోయింది. ఖాళీ అయిన చోట కాండిడా అనే ఈస్టు విజృంభించడం డాక్టర్లు కొద్దికాలంలోనే గమనించారు. చూడండి, ఒకే ప్రయోగశాల, ఒకే దశాబ్దం. ఒక మందు కాపలావాళ్ళని తగ్గించింది, ఇంకోటి ఇరుగుపొరుగుని ఖాళీ చేయించింది. రెండింటి వల్లా లాభపడింది బూజులే. దీన్ని ఆయన తప్పుగా లెక్కగట్టడం అన్యాయం. ఆ మందులు లేకపోతే ఆ రోగులు బూజు పట్టేదాకా కూడా బతికేవారు కాదు. 1960ల్లో రక్త కాన్సర్ వార్డుల్లో శిలీంధ్ర వ్యాధులు పెరిగాయని రాసిన డాక్టర్లు చెప్పింది అదే. బాక్టీరియాతో, రక్తస్రావంతో మొదట్లోనే పోయే రోగులు ఇప్పుడు ఎక్కువకాలం నిలబడుతున్నారు, కాబట్టి తర్వాతి శత్రువు ఎదురవుతోంది.

ఆ తర్వాతి శత్రువుని సుబ్బారావు గారు చూడలేదు. 1948 ఆగస్టులో, ఫార్బర్ ఫలితాలు అచ్చయిన రెండు నెలలకే, నిద్రలో గుండెపోటుతో పోయారు. యాభైమూడేళ్ళు. అప్పటికి రెండేళ్ళుగా అమెరికా పౌరసత్వం తీసుకునే వీలు భారతీయులకి వచ్చినా ఆయన తీసుకోలేదు. తిరిగి రానూ లేదు. ఆయన పోయే నాటికి ఊపిరితిత్తుల్లోకి పాకిన బూజుకి నమ్మదగిన మందు ఒక్కటీ లేదు.

1950లో ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్ అనే ఇద్దరు మహిళలు నిస్టాటిన్‌ని ప్రకటించారు. న్యూయార్క్ స్టేట్ ఆరోగ్యశాఖలో పనిచేసేవాళ్ళు కాబట్టి రాష్ట్రం పేరు కలిసేలా పెట్టారు. నోటి, పేగుల కాండిడాకి అది బాగా పనికొచ్చింది గానీ రక్తంలోకి ఎక్కించడానికి పనికిరాదు. కొన్నేళ్ళకి వెనిజులాలో ఒరినోకో నది దగ్గరి మట్టి నుంచి ఆంఫోటెరిసిన్ బి వచ్చింది. బూజు కణం పొరకి చిల్లులు పొడిచే మందు. ప్రాణాలు కాపాడింది, దాంతోపాటు వణుకుడు జ్వరాలూ తెప్పించింది, కిడ్నీలనీ దెబ్బతీసింది. కొవ్వు బుడగల్లో చుట్టి ఇచ్చే లైపోసోమల్ రకం వచ్చాక ఆ బాధ తగ్గింది గానీ ధర పెరిగింది. ఆస్పర్జిల్లస్ మీద దీనికంటే మెరుగ్గా పనిచేసే వోరికొనజోల్ 2002లో గానీ రాలేదు.

ఆంఫోటెరిసిన్ పేరు విజయవాడ చుట్టుపక్కల ప్రతి ఇంట్లో వినపడింది 2021 మేలో. కోవిడ్ రెండో వేవ్‌లో స్టెరాయిడ్లు, దాని మీద అదుపు తప్పిన షుగరు కలిసి మ్యూకర్ జాతి బూజులకి దారి ఇచ్చాయి. ఎక్కువమందికి ముక్కు, కన్ను, అక్కణ్ణుంచి మెదడు. కొందరికి ఊపిరితిత్తులు. దాన్ని బ్లాక్ ఫంగస్ అన్నారు గానీ బూజు రంగు నలుపు కాదు, రక్తం అందక చచ్చిన కండ నల్లబడుతుంది. రాష్ట్ర ప్రభుత్వం ఆ జబ్బును ఆరోగ్యశ్రీలో చేర్చింది. ఇంజెక్షన్లు మాత్రం దొరక్క, జనం వాట్సాప్ గ్రూపుల్లో వయల్స్ కోసం పేర్లు, బ్లడ్ గ్రూపులు, ఆసుపత్రి బెడ్ నంబర్లు పెట్టుకుంటూ గడిపిన రోజులు మనలో చాలామందికి గుర్తున్నాయి. స్టెరాయిడ్ కోవిడ్‌లో ప్రాణాలు కాపాడిన మందే. ఆక్సిజన్ అవసరమైనవాళ్ళకి, సరైన మోతాదులో. అవసరం లేనివాళ్ళకి, షుగరు చూసుకోకుండా ఇచ్చినచోట లెక్క తిరగబడింది.

ఇప్పుడు మొదట్లో చెప్పిన తలుపు దగ్గరికి వద్దాం. న్యుమోసిస్టిస్ అని ఒక జీవి. వందేళ్ళ కిందట కనిపెట్టినప్పుడు మలేరియా తరహా ప్రోటోజోవా అనుకున్నారు. 1988లో దాని జన్యుపదార్థం చదివాక గానీ అది ఫంగస్ అని తేలలేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళని ఏమీ చేయదు. రోగనిరోధక శక్తి పడిపోయినవాళ్ళ ఊపిరితిత్తుల్లో గాలిగదుల్ని నురగలాంటి పదార్థంతో నింపేస్తుంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం, పొడిదగ్గు, రక్తంలో ఆక్సిజన్ పడిపోవడం. 1981లో లాస్ ఏంజెలిస్‌లో ఐదుగురు యువకులకి ఈ న్యుమోనియా వచ్చిందన్న చిన్న నివేదికే ప్రపంచానికి ఎయిడ్స్ గురించి అందిన మొదటి కబురు.

దానికంటే ముందు దీని బారిన పడ్డవాళ్ళలో రక్త కాన్సర్ పిల్లలున్నారు. మెథోట్రెక్సేట్ లాంటి మందులన్నీ కలిపి ఇవ్వడం వల్ల కాన్సర్ వెనక్కి తగ్గి, ఇల్లు ఊపిరి పీల్చుకున్న సమయంలో, ఈ న్యుమోనియా వచ్చి పోయేవారు. ఫార్బర్ చూసిన పిల్లల కంటే వీళ్ళు ఎంతో ముందుకొచ్చినవాళ్ళు, గెలిచారనుకున్నవాళ్ళు.

న్యుమోసిస్టిస్‌కి ఒక బలహీనత ఉంది. మనం ఫోలేట్‌ని ఆకుకూరల నుంచి తెచ్చుకుంటాం. అది బయట నుంచి తీసుకోలేదు, తన ఫోలేట్ తనే వండుకోవాలి. ఆ వంటింటినే మూసేసే మందులు సల్ఫా మందులు. వాటిలో ఒకదాన్ని ట్రైమెథోప్రిమ్‌తో కలిపి చేసిన మాత్రే కోట్రిమోక్సజోల్, మన మెడికల్ షాపుల్లో సెప్ట్రాన్, బాక్ట్రిమ్ పేర్లతో అందరికీ తెలిసిన చవక మాత్ర. 1977లో మెంఫిస్ నగరంలోని సెయింట్ జూడ్ పిల్లల ఆసుపత్రి డాక్టరు వాల్టర్ హ్యూస్, కాన్సర్ పిల్లలకి దీన్ని ముందుజాగ్రత్తగా ఇస్తే ఈ న్యుమోనియా రాకుండానే ఆగుతుందని చూపించాడు. సుబ్బారావు గారి బృందం పిల్లల కాన్సర్‌లో ఏ ఫోలేట్ దారికి అడ్డుకట్ట వేసిందో, బూజులో అదే దారికి ఇంకో మలుపు దగ్గర కట్ట వేశారన్నమాట. 1993లో అమెరికా ఇదే జబ్బుకి ట్రైమెట్రెక్సేట్ అనే మందుని అనుమతించింది. పేరు చూస్తేనే తెలుస్తుంది, మెథోట్రెక్సేట్‌కి దగ్గరి చుట్టం. బూజుతోపాటు మన కణాలూ దెబ్బతినకుండా పక్కనే ల్యూకోవోరిన్ అనే ఫోలేట్ రూపాన్ని ఇచ్చేవారు. మన కణాలు దాన్ని లోపలికి తీసుకోగలవు, న్యుమోసిస్టిస్ తీసుకోలేదు.

ఇవాళ కాన్సర్ వార్డుల్లో, ఏఆర్‌టీ సెంటర్లలో సీడీ4 కణాలు బాగా పడిపోయినవాళ్ళకి, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ళకి కోట్రిమోక్సజోల్ ముందుగానే రాస్తున్నారు. మెథోట్రెక్సేట్ మాత్రం కాన్సర్ వార్డు దాటి ఊళ్ళోకి వచ్చేసింది. కీళ్ళవాతానికి, సోరియాసిస్‌కి చిన్న మోతాదులో వాడే మాత్ర అదే. మన అమ్మమ్మలు, పెద్దమ్మలు ఎంతోమంది వేసుకుంటున్నారు. వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. వేరే రోజు ఫోలిక్ యాసిడ్ మాత్ర కూడా రాస్తారు. సుబ్బారావు గారి ప్రయోగశాలలో తయారైన మందు, దాని విరుగుడు, రెండూ ఒకే చీటీలో. పొరపాటున రోజూ వేసుకుంటే మూలుగ దెబ్బతిని, నోరు పూసి, తెల్లకణాలు పడిపోతాయి. సరైన మోతాదులో కూడా, ముఖ్యంగా స్టెరాయిడ్‌తో కలిపి వాడేవాళ్ళలో, అరుదుగా న్యుమోసిస్టిస్ వస్తుంది. ఇంకా అరుదుగా, ఏ క్రిమీ లేకుండా ఈ మందే ఊపిరితిత్తుల్ని వాచిపోయేలా చేస్తుంది. పైకి రెండూ ఒకేలా కనపడతాయి, వైద్యం మాత్రం వేరు. కాబట్టి ఈ మాత్ర వేసుకునే ఇంట్లో పెద్దవాళ్ళకి దగ్గు, జ్వరం, మెట్లెక్కితే ఆయాసం వస్తే, డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఎక్స్‌రే కవరుతోపాటు ఆ స్ట్రిప్ కూడా సంచిలో పెట్టండి.